యేసుని దేవుణ్ణి చేసింది నికయ సభా?

గుణుపూర్‌లో మా సంఘంలో సగంమంది తెలుగులో పాడతారు, సగంమంది ఒడియాలో. కొన్నాళ్ళుగా ఇద్దరి ఫోన్లలోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారం ఇది: మొదటి మూడొందల ఏళ్ళు యేసుని ఎవరూ దేవుడనలేదు. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నికయలో బిషప్పుల చేత ఓట్లు వేయిస్తే కొద్ది తేడాతో ఆయన దేవుడయ్యాడు. ఆయన సృష్టిలో మొదట పుట్టినవాడని బైబిలే చెబుతోంది. తండ్రి నాకంటె గొప్పవాడని ఆయనే అన్నాడు. ఒప్పుకోని పుస్తకాలన్నీ తీసేశారు.

పార్వతీపురంలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు అది నాకు పంపి, "మావయ్యా, ఇదే నిజమైతే ఇన్నాళ్ళూ మనం ఎవరికి మొక్కినట్టు?" అని అడిగాడు. వాడు ఊరికే అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మూడొందల ఏళ్ళ మాట ముందు చూద్దాం. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా గవర్నరు, క్రైస్తవుల్ని విచారించి త్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వీళ్ళు ఫలానా రోజున తెల్లవారకముందే కూడుకుని, క్రీస్తుని దేవుడిగా ఎంచి ఆయనకి పాట పాడతారని అందులో ఉంది. రాసినవాడు విశ్వాసి కాడు, వాళ్ళని శిక్షించే అధికారి. ఆయన ఏలిన బితూనియ (ఇప్పటి టర్కీలో ఉంది) రాష్ట్రంలోనే నికయ పట్టణం ఉంది! సభ జరగడానికి రెండొందల ఏళ్ళ ముందే అదే రాష్ట్రంలో ఆ పాట వినిపించిందన్నమాట.

ఇంకొకటి. 2005లో ఇజ్రాయేలులోని మెగిద్దో దగ్గర, జైలు ఆవరణలో తవ్వుతుంటే పాత ప్రార్థన మందిరం నేల బయటపడింది. దాని మీద చిన్నచిన్న రంగురాళ్ళతో పొదిగిన గ్రీకు అక్షరాలున్నాయి. అకెప్తూస్ అనే ఆవిడ ఈ బల్లని "దేవుడైన యేసుక్రీస్తుకు" జ్ఞాపకార్థంగా ఇచ్చిందని వాటి అర్థం. మా మందిరంలో బెంచీల వెనక ఇచ్చినవాళ్ళ పేర్లు పెయింటుతో రాసినట్టే. దాన్ని తవ్వి తీసినవాళ్ళు అది 230 ప్రాంతానిదని లెక్కగట్టారు. ఆ రోజుల్లో ఒక మామూలు విశ్వాసురాలు బల్ల ఇస్తూ రాయించుకున్న మాట అది. ఏ చక్రవర్తీ ఆమెకి నేర్పలేదు.

మరి నికయలో జరిగిందేమిటి? సభ పిలిపించింది కాన్‌స్టంటైనే, అది నిజం. "తండ్రితో ఏకతత్వం గలవాడు" అని అర్థమొచ్చే హోమోఊసియోస్ అనే గ్రీకు మాట బైబిల్లో లేదు, అదీ నిజం. కానీ అక్కడ తగువు యేసు దేవుడా, మనిషా అని కానేకాదు. అలెగ్జాండ్రియాలో సంఘపెద్దగా ఉన్న ఏరియస్ కూడా కుమారుణ్ణి దేవుడనే పిలిచాడు. కాకపోతే "ఆయన లేని కాలం ఒకటుంది" అన్నాడు. తండ్రి ఆయన్ని అన్నిటికన్నా ముందు కలగజేశాడన్నది అతని బోధ. దాన్ని పాటలుగా కట్టి ఓడవాళ్ళకీ తిరగలి తిప్పేవాళ్ళకీ ఇచ్చాడని ఒక పాత చరిత్రకారుడు రాశాడు. నోటికొచ్చే పాట ఎంత దూరం పోతుందో మనకి తెలియనిది కాదు. సభకి వచ్చిన బిషప్పులు సుమారు మూడొందలమంది. ఆఖరిదాకా సంతకం పెట్టనివాళ్ళు ఇద్దరే, లిబియా వాళ్ళు. దీన్ని కొద్ది తేడా అంటారా?

చక్రవర్తి బలంతో నిలబడిందనేవాళ్ళు తర్వాత జరిగింది కూడా చదవాలి. సభ అయ్యాక దేశబహిష్కారం చేసిన ఏరియస్‌ని కొన్నేళ్ళకే కాన్‌స్టంటైన్ వెనక్కి రప్పించాడు. నికయ నమ్మకం కోసం పోరాడిన అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్‌ని 335లో దేశబహిష్కారం చేశాడు. 337లో మరణశయ్య మీద కాన్‌స్టంటైన్ బాప్తిస్మం తీసుకున్నది ఏరియస్ పక్షపు బిషప్పు చేతిమీదే. తర్వాత అతని కొడుకు కాన్‌స్టంటియస్ ఆ పక్షాన్నే కాశాడు. అతనాసియస్‌ని మొత్తం ఐదుసార్లు వెళ్ళగొట్టారు, దాదాపు పదిహేడేళ్ళు. సింహాసనం ఎదురు తిరిగినా ఆ విశ్వాసం చావలేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్నే స్థిరపరిచింది.

ఇక మావాళ్ళని ఎక్కువ తికమకపెట్టింది కొలస్సయి 1:15లోని "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అన్న మాట. మెసేజ్ అక్కడితో ఆపేసింది. తర్వాతి వచనం "సర్వమును ఆయనయందు సృజింపబడెను" అంటుంది, ఆ తర్వాతిది "ఆయన అన్నిటికంటె ముందుగా ఉన్నవాడు" అంటుంది. సర్వం ఆయన వల్ల కలిగితే, ఆయన ఆ సర్వంలో ఒకడెలా అవుతాడు? ఆదిసంభూతుడంటే జ్యేష్ఠుడు, ఆ మాట బైబిల్లో ఎలా వాడారో కూడా చూడాలి. కీర్తన 89:27లో దేవుడు దావీదు గురించి "నా జ్యేష్ఠకుమారునిగా చేయుదును" అంటాడు. దావీదు యెష్షయికి ఎనిమిదో కొడుకు, అందరిలోకీ చిన్నవాడు! అక్కడ ఆ మాట హక్కునీ స్థానాన్నీ చెబుతోంది. మనిళ్ళలో చిన్నవాడు ఇల్లంతా మోస్తే "పెద్దకొడుకులా నిలబడ్డాడు" అనమా?

"తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నది యోహాను 14లో ఉంది, ఎవరూ దాచలేదు. సిలువకి వెళ్ళబోతూ, దాసుని రూపంలో ఉన్నవాడు అన్న మాట అది. దేవుని స్వరూపం కలిగినవాడే "తన్ను తాను రిక్తునిగా చేసికొనెను" అని ఫిలిప్పీ పత్రిక చెబుతోంది. అదే యోహాను సువార్త 17:5లో ఆయన "లోకము పుట్టకమునుపు" తండ్రి దగ్గర తనకున్న మహిమని అడుగుతాడు. అది కలగజేయబడ్డవాడు అడిగే మాటేనా? లేచిన యేసుని చూసి తోమా "నా ప్రభువా, నా దేవా" అంటే, ఆయన తప్పని దిద్దలేదు.

పుస్తకాల సంగతికి ఎక్కువ మాటలక్కర్లేదు. నికయ సభ చేసిన ఇరవై కట్టడలు ఇప్పటికీ ఉన్నాయి. ఏ పుస్తకాలు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నది వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

ఒరే అల్లుడూ, ఎవరికి మొక్కినట్టని అడిగావు కదా. యేసు కలగజేయబడినవాడైతే మనం సృష్టికి మొక్కినట్టే, సిలువ మీద దేవుడు తాను రాకుండా ఎవరినో పంపి ఊరుకున్నట్టే. అతనాసియస్‌కి నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఆయన ఏరియస్ పక్షంవాళ్ళకి గుర్తుచేసింది బాప్తిస్మంలో పలికే మాటల్నే. అవి నీకూ తెలుసు. వంశధారలో నడుములోతు నీళ్ళలో నువ్వు నిలబడ్డప్పుడు, పాస్టరుగారు నీ వీపు వెనక చెయ్యి వేసి "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అన్నారు. ముగ్గురిని పిలిచారు, నామము ఒక్కటే. సృష్టికర్త పక్కన ఒక సృష్టిని నిలబెట్టి ఆ ఇద్దరి నామంలోకి ఎవరైనా ముంచుతారా? ఒడ్డున మీ అమ్మ తువ్వాలు పట్టుకుని ఏడుస్తోంది, నువ్వు చూడలేదేమో.

ఆదివారం వచ్చినప్పుడు ఆ మెసేజ్ పంపిన ఒడియా స్నేహితుణ్ణి కూడా తీసుకురా. అతని బైబిలు అతను తెచ్చుకుంటాడు, మన బైబిలు మనం తీద్దాం. కొలస్సయి మొదటి అధ్యాయం పదిహేనో వచనం దగ్గర ఆగకుండా చదువుదాం.