అంకెలు వాటంతట అవే మాట్లాడవు

"డేటా ఈ కాలపు చమురు. ఎంత ఎక్కువ పోగేస్తే నిర్ణయాలు అంత మెరుగు. అంకెలు అబద్ధం చెప్పవు. అంకెలన్నీ ఒకే తెర మీద చూపే డ్యాష్‌బోర్డు వచ్చాక అనుభవంతో పనేముంది?" సంస్థలు నడిపేవారు ఒకరికొకరు పంపుకునే సందేశాల్లో ఈ నాలుగు మాటలూ కలిసే తిరుగుతుంటాయి. వినసొంపుగా ఉంటాయి కాబట్టి ఎవరూ నిలదీయరు.

చమురు సంగతి తొందరగా తేల్చేయవచ్చు. ముడి చమురును శుద్ధి చేయకుండా ఇంజనులో పోసేవారు లేరు. పోలిక తెచ్చినవారు ఆ సగం వదిలేసి బావులు తవ్వడం గురించే మాట్లాడతారు. పైగా డేటా త్వరగా పాతబడుతుంది. ఎప్పుడో మారిపోయిన ఖాతాదారుల చిరునామాలు ఎన్ని దాచుకున్నా ఆస్తి కిందికి రావు.

ఎక్కువైతే మెరుగన్న మాటకు 1936లోనే జవాబు దొరికింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కగట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. ఎన్నో రెట్లు చిన్న నమూనాతో సర్వేలు చేసే జార్జ్ గాలప్ మాత్రం విజేతను సరిగ్గా చెప్పాడు. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఆ రెండూ ఎవరింట ఉండేవో వేరే చెప్పనక్కర్లేదు. ఓపికగా జవాబు పంపినవారిలోనూ రూజ్‌వెల్ట్ వ్యతిరేకులే ఎక్కువ. అదే దారిలో ఇంకో కోటి బ్యాలెట్లు పంపినా తప్పు తగ్గేది కాదు, తప్పు మీద నమ్మకం పెరిగేది.

మూడో మాట అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. అంకె అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ ఏ అంకెను ముందు పెట్టాలో, దేన్ని పక్కన పెట్టాలో నిర్ణయించేది మనిషే. 1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు, దాన్ని పైకి లేపే బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకోల్ సంస్థ ఇంజనీర్లకూ నాసా అధికారులకూ చర్చ జరిగింది. బూస్టర్ల అతుకుల్లోని రబ్బరు ఓ-రింగులు చలిలో సరిగా పనిచేస్తాయా అన్నది ప్రశ్న. రింగులు దెబ్బతిన్న ప్రయోగాలనే చూశారు. వాటిలో ఒకటి 53 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర జరిగింది, ఇంకొకటి 75 దగ్గర. అంటే చలికీ నష్టానికీ సంబంధం లేనట్టే అనిపించింది. ఏమీ కాని ప్రయోగాలను కూడా కలిపి ఉంటే? 66 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో నష్టం మూడింటిలోనే. 63, అంతకు లోపు జరిగినవి నాలుగు, నాలుగింటిలోనూ నష్టమే. ఈ లెక్కను ప్రమాదం తర్వాత విచారణ సంఘం బయటపెట్టింది, కానీ అందులోని అంకెలన్నీ ఆ రాత్రికే ఉన్నాయి. మర్నాడు నౌక గాల్లోనే ముక్కలై, అందులోని ఏడుగురూ చనిపోయారు.

అనుభవంతో పనేముందన్న నాలుగో మాటకూ జవాబు అక్కడే ఉంది. అంత చలిలో ప్రయోగం వద్దని మొదట చెప్పింది ఆ ఇంజనీర్లే. తిరిగి తెచ్చిన బూస్టర్ల అతుకుల్లో నల్లటి మసిని, అంటే వేడి వాయువులు రింగులు దాటి వచ్చిన గుర్తును, కళ్లారా చూసినవారు వాళ్లలో ఉన్నారు. నాసా అధికారులు రుజువు చూపమన్నారు. పట్టికలో ఇమిడే రుజువు వాళ్లు చూపలేకపోయారు, సొంత యాజమాన్యమే వాళ్ల మాటను పక్కన పెట్టింది. పట్టికలో ఏం లోపించిందో వెతకాల్సిన వేళ, ఉన్నదాన్నే పట్టుకుని వాదించారు.

ఏం లోపించిందో డ్యాష్‌బోర్డు చెప్పదు. 2020 సెప్టెంబరు చివర ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. ఆ కేసులను చేరవేసిన పాత ఎక్సెల్ పట్టిక ఫైలులో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి చడీచప్పుడూ లేకుండా రాలిపోయాయి. ఆ రోగులతో మెలిగినవారిని వెతకడం ఆలస్యమైంది.

ఇదంతా విని "అయితే మా అధికారి అంచనానే మేలు" అనుకునేవారికి ఆ సంతోషం ఇవ్వలేను. పదవిని బట్టి గెలిచే అభిప్రాయం కంటే లోపాలున్న డేటా నయం, దాన్ని కనీసం తప్పని చూపించవచ్చు. అయితే ఎవరైనా తెర మీద "ఫిర్యాదులు సగానికి తగ్గాయి" అని చూపితే రెండు ప్రశ్నలు అడగాలి. ఈ అంకె ఎంతకు చేరితే మనం ఏ నిర్ణయం మార్చుకుంటాం? అసలు ఫిర్యాదుల ఫోను మోగుతోందా? మొదటిదానికి ఎవరూ జవాబు చెప్పలేకపోతే ఆ అంకెను సేకరించడం ఆపేయవచ్చు. రెండోదానికి జవాబు కావాలంటే ఆ ఫోను ఎత్తే ఉద్యోగిని సమావేశానికి పిలవాలి.