బీరువా మీది వీఆర్ హెడ్‌సెట్ గారికి

తిరుపతి నుంచి నమస్కారం. ఒక పక్క దోమతెర, ఇంకో పక్క తాళం పోయిన సూట్‌కేసు. మీకు మంచి తోడే దొరికింది.

కళ్ళకి తొడుక్కుంటే ఇంకో లోకంలో ఉన్నట్టు చూపిస్తారని మా తమ్ముడి కొడుకు మిమ్మల్ని బెంగళూరు నుంచి మోసుకొచ్చిన రోజు గుర్తుందా? "ఇంక టీవీ, సినిమా, బడి అన్నీ ఇందులోనే పెద్దనాయనా" అన్నాడు. ముందు అవ్వకే పెడదామని అలిపిరి నడకదారి వీడియో పెట్టాడు. మా అమ్మ చెప్పులు విడిచి, భుజాల చుట్టూ కొంగు కప్పుకుని, కుర్చీలో కూర్చునే 3,550 మెట్లు ఎక్కడానికి బయలుదేరింది. గాలిగోపురం రాకముందే మొహం పాలిపోయింది. "ఒరే, ఘాట్ రోడ్డులో మాదిరి తిప్పతా ఉంది, నిమ్మకాయ తేరా" అంది.

అమ్మ చెప్పింది నిజమే. ఘాట్ రోడ్డు బస్సులో కళ్ళెదుట సీటు కదలదు, మలుపు మలుపుకీ ఒళ్ళు ఊగుతోందని లోపలి చెవి మాత్రం మొత్తుకుంటుంది. మీ దగ్గర అది తిరగబడింది. కళ్ళు మెట్లెక్కుతుంటే చెవి కుర్చీలోనే ఉండిపోయింది. కడుపుకి రెండూ ఒకటే.

నిమ్మకాయ వాసన చూసుకుని తేరుకున్నాక అడిగింది, "మోకాళ్ళు నొయ్యకుండా కొండెక్కితే స్వామి లెక్కలో వేసుకుంటాడా?" అని. మీకేమైనా తెలుసా?

ఇంతకీ మీరు చిన్నవారేం కాదు. 1968లో ఇవాన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త మీ పూర్వీకుణ్ణి తయారుచేస్తే, పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. 1995లో వీడియో గేముల కంపెనీ నింటెండో వాళ్ళ వర్చువల్ బాయ్‌గా వచ్చి లోకమంతా ఎర్రగా చూపించి ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయారు. 2014లో ఫోన్ పెట్టుకుని చూసే గూగుల్ వాళ్ళ అట్టముక్కగా (కార్డ్‌బోర్డ్) వచ్చారు, 2021లో అదీ అమ్మడం మానేశారు. కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న భక్తుడిలా గేటు తీస్తారు, తీస్తారు అనుకుంటూ యాభై ఏళ్ళు దాటించారు. మధ్యలో స్మార్ట్‌ఫోన్ బ్రేక్ దర్శనం టికెట్ పట్టుకుని మీ ముందునుంచే వెళ్ళిపోయింది.

2021లో ఫేస్‌బుక్ కంపెనీ ఏకంగా పేరే మార్చుకుంది, మీ లోకంలో అందరికీ అవతారాలిస్తామంది. ఇచ్చింది, మొదట్లో కాళ్ళు లేకుండా! గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టే ఊరండీ మాది. వేషమంటే వీధిలో నడవాలి, మసి పూసుకోవాలి, ఎదురొచ్చినవాణ్ణి నోరారా తిట్టాలి. నడుం దాకా ఉండి గాలిలో తేలితే మా పిల్లలు దయ్యం అంటారు.

మిమ్మల్ని నాలుగు రోజుల మోజు అనను. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళకి, రోగి మీద కత్తి పెట్టకముందు చెయ్యి తిప్పుకునే సర్జన్లకి మీరు పనికొస్తున్నారు. మీ లోపల విమానం కూలినా ఎవరి ప్రాణమూ పోదు. అక్కడ హాయిగా బతుకుతారు. మా హాల్లోనే మీతో కుదరదు. నలుగురు కూర్చున్నచోట ఒక్కడి కళ్ళు మూస్తారు, మిగతా ముగ్గురం వాడి చేతికి అందకుండా కాఫీ గ్లాసులు పట్టుకుని గోడకి ఆనుకోవాలి. రెండు గంటలకి మీ బ్యాటరీ కొండెక్కితే గానీ మాకు సోఫా దొరకలేదు.

పండక్కి బూజు దులిపేటప్పుడు మిమ్మల్ని కిందికి దించుతాం. అప్పుడు మీ పెట్టె మాత్రం అడక్కండి. గట్టి అట్ట కదా, మా అమ్మ అందులో పెళ్ళి పత్రికలు దాచుకుంది.

ఇట్లు,
సోఫా తిరిగి దక్కించుకున్న పెద్దనాయన