దేవుని బిడ్డలు బీదగా ఉండకూడదా?

“దేవుని బిడ్డ బీదగా ఉంటే అది దేవునికే అవమానం.” చెన్నైలోని మన తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా తిరుగుతున్న ఒక సందేశం ఇలా మొదలవుతుంది. కింద కొన్ని వచనాలు, ఆ కింద ‘విశ్వాసపు విత్తనం’ పంపడానికి క్యూఆర్ కోడ్. పేదరికం శాపమట. యేసు ధనవంతుడట. వెయ్యి రూపాయలు విత్తితే నూరంతలు కోయవచ్చట. కోయలేకపోతే లోపం మన విశ్వాసంలోనే ఉందట. పెరంబూరులో, పుళియంతోపులో, వ్యాసర్‌పాడిలో ఇంటింటి ప్రార్థన కూడికల్లో దీన్ని చదివి ఆమేన్ అంటున్నారు. చూస్తూ ఊరుకోలేక ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

“నీవు అన్ని విషయాల్లో వర్ధిల్లాలని యోహానే రాశాడు.” రాశాడు, మూడవ పత్రిక రెండో వచనంలో. అది గాయు అనే విశ్వాసికి రాసిన ఉత్తరంలో మొదటి పలకరింపు. మన పెద్దలు ఉత్తరం మొదట్లో “మీరంతా క్షేమమని తలుస్తాను” అని రాసేవారే, అలాంటిది. పలకరింపును పట్టుకుని ఆస్తిపత్రం చేయకూడదు. ఆ ఉత్తరాన్ని ఇంకొంచెం చదివితే గాయు ఎందుకు మెచ్చుకోలు పొందాడో తెలుస్తుంది. ఊరూరా తిరిగే సువార్తికులకు ఇంట్లో చోటిచ్చి సాగనంపాడు. ఆ సువార్తికులేమో అన్యజనుల దగ్గర ఏమీ తీసుకోకుండా బయలుదేరినవాళ్లు. కానుకలు రాబట్టడానికి ఇంతకన్నా పనికిరాని పత్రిక బైబిల్లో దొరకదు.

“యేసు ధనవంతుడు. కుట్టు లేని ఖరీదైన అంగీ వేసుకున్నాడు. డబ్బు చూసుకోవడానికి శిష్యుడు ఇస్కరియోతు యూదాను పెట్టుకున్నాడు.” నన్ను ఎక్కువగా బాధపెట్టిన మాట ఇది. మొదట ఆయన పుట్టిన నాటి సంగతి చూడండి. బిడ్డ పుట్టాక తల్లి గొర్రెపిల్లను అర్పించాలని, అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చని లేవీయకాండం 12వ అధ్యాయం చెబుతుంది. మరియ, యోసేపు యెరూషలేము దేవాలయానికి వెళ్లినప్పుడు లూకా పేర్కొన్నది ఈ పేదల అర్పణనే. పెద్దయ్యాక సంగతీ అంతే. నక్కలకు బొరియలున్నాయి, తనకు తల వాల్చుకునే చోటు లేదని ఆయనే చెప్పాడు. దేవాలయపు పన్ను అడిగితే, పేతురును గాలం వేసి చేప నోట్లో దొరికే నాణెంతో కట్టమన్నాడు. యూదా పట్టుకున్న డబ్బు సంచిలోకి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చేదో లూకా 8వ అధ్యాయంలో ఉంది. యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమకున్నదాంట్లోంచి ఆయనకూ శిష్యులకూ ఖర్చు పెట్టారు. ఇతరుల దానంతో నడిచినవాడిని ధనవంతుడంటే ఆ స్త్రీల త్యాగాన్ని కూడా చెరిపేసినట్టే. ఆ అంగీ గురించి మనకు తెలిసిందల్లా సిలువ కింద సైనికులు దానికోసం చీట్లు వేసుకున్నారని. చనిపోయే వేళ ఒంటిమీద బట్ట కూడా మిగలనివాడిని చూపించి, ఐశ్వర్యానికి మాదిరి ఈయనే అని ఎలా బోధిస్తారు?

“ఆయన దరిద్రుడయ్యాడు కాబట్టి మనం ధనవంతులం కావాలి” అని 2 కొరింథీయులు 8:9 చూపిస్తారు. పౌలు ఆ మాట రాసింది యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం చందా పోగుచేస్తున్నప్పుడు. అదే అధ్యాయం మొదట్లో మాసిదోనియ సంఘాలు నిరుపేదలై ఉండి కూడా ధారాళంగా ఇచ్చాయని పొగుడుతాడు. వాళ్లు నిరుపేదలు, అయినా పౌలు వాళ్ల విశ్వాసాన్ని శంకించలేదు, దాన్నే కొరింథువాళ్లకు ఆదర్శంగా పెట్టాడు. ఉన్నవాడి దగ్గరిది లేనివాడికి చేరి సమానం కావాలన్నది ఆయన ఉద్దేశం.

ఇక నూరంతల విత్తనం. మార్కు 10లో నూరంతల మాట ఉన్నది నిజమే. యేసు కోసం ఇల్లూ వాకిలీ అన్నదమ్ములనూ విడిచినవాళ్లకు ఇళ్లు, అన్నదమ్ములు, తల్లులు నూరంతలుగా దొరుకుతారని, “హింసలతో పాటు” అని ఉంది. ఆ రెండు మాటలూ వాట్సాప్ సందేశంలో లేవు. పైగా అది విడిచిపెట్టినవాళ్లకు చెప్పిన మాట, పెట్టుబడి పెట్టినవాళ్లకు కాదు. ఆ మాట దగ్గరుండి విన్న పేతురు తర్వాత దేవాలయపు గుమ్మం దగ్గర కుంటివాడితో ఏమన్నాడు? వెండి బంగారాలు నా దగ్గర లేవన్నాడు. నూరంతలంటే బ్యాంకు లెక్క అయితే పేతురు జేబు ఖాళీగా ఉండకూడదు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. వీధులు ఊడ్చే కాంట్రాక్టు పని. భర్త లేడు. కొడుకు ఉద్యోగం కోసమని చెవి కమ్మలు సేటు కొట్టులో తాకట్టు పెట్టి, ఆ డబ్బంతా టీవీలో ప్రసంగించే ఒకాయన పరిచర్యకు విత్తనంగా పంపింది. ఉద్యోగం రాలేదు. ఫోన్ చేస్తే, విత్తేటప్పుడు సందేహపడి ఉంటావమ్మా, ఇంకోసారి విత్తు అన్నారట. ఆమె నాలుగు మడతలు పెట్టిన తాకట్టు చీటీ విప్పి నా చేతిలో పెట్టి, “అన్నా, నాకు నిజంగా విశ్వాసం లేదంటావా?” అని అడిగింది. కమ్మలు పోయినందుకు ఏడవని మనిషి ఆ ప్రశ్న అడుగుతూ ఏడ్చింది. ఈ బోధ పేదవాడి దగ్గర రెండుసార్లు దోచుకుంటుంది. మొదట డబ్బు, తర్వాత దేవుడు తనవాడనే ధైర్యం.

“దశమభాగం తెస్తే ఆకాశపు వాకిళ్లు తెరుస్తానని మలాకీ 3:10లో దేవుడే సవాలు చేశాడు.” చేశాడు. ఆ పదోవంతు ఎవరికి చేరాలో ద్వితీయోపదేశకాండం 14 చివర్లో ఉంది. మూడో యేట దాన్ని ఊళ్లోనే ఉంచితే లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు వచ్చి కడుపునిండా తినాలి. మా అక్క విధవరాలు. ధర్మశాస్త్రం లెక్కన ఆమె ఆ పదోవంతు నిలవ ఉంచిన చోట నిలబడి తీసుకోవలసిన మనిషి. ఆమె కమ్మలే కానుకగా పోవడమేమిటి? అదే మలాకీ మూడో అధ్యాయంలో ఐదు వచనాలు పైకి వెళ్లండి. కూలివాళ్ల కూలి ఎగ్గొట్టేవారిమీద, విధవరాళ్లనూ తండ్రిలేనివాళ్లనూ బాధపెట్టేవారిమీద తానే సాక్షిగా వస్తానని దేవుడు అంటున్నాడు. 2025 ఆగస్టులో ఈ ఊళ్లో పారిశుద్ధ్య కార్మికులు పని భద్రత కోసం, జీతం కోసం చెన్నై కార్పొరేషన్ కార్యాలయం రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నారు. మలాకీ పేరు చెప్పి కానుకలు అడిగేవాళ్లు ఆ ఐదో వచనం మీద కూడా ఒక్క వర్తమానం చెబితే బాగుండేది.

సేవకుడి పోషణ మాటేమిటి అంటారా? సంఘం పోషించాలి, అందులో సందేహం లేదు. కానీ సువార్తికుడు భక్త్ సింగ్ గారు 1941లో ఇదే మద్రాసులో యెహోవా షమ్మా సహవాసాన్ని మొదలుపెట్టి, 2000లో హైదరాబాదులో కన్నుమూసేదాకా, అవసరాలను మనుషుల ముందు పెట్టకుండా దేవుణ్ణే అడిగే పద్ధతిలో బతికారు. మన వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు.

చివరిది, అన్నిటికన్నా క్రూరమైనది: “బీదరికం విశ్వాస లోపం.” యోబు స్నేహితులు సరిగ్గా ఇలాగే వాదించారు. నష్టం వచ్చిందంటే నీలో తప్పుంది అన్నారు. కథ చివర దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, ఆ స్నేహితుల మీద. ఈ సందేశం పంపేవాళ్లు యోబుకు రెండింతలు వచ్చిందని మాత్రం రాస్తారు. ప్రకటన గ్రంథంలో స్ముర్న సంఘంతో ప్రభువు, నీ దరిద్రత నాకు తెలుసు, అయినా నీవు ధనవంతుడివే అంటాడు. ఏ కొదువా లేదని చెప్పుకున్న లవొదికయ సంఘాన్ని దరిద్రుడివి, గుడ్డివాడివి అంటాడు. ఆటోల వెనక అంటించుకునే “నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను” అన్న వచనం పౌలు బంధకాల్లో ఉండి రాసింది. దాని పై వాక్యంలో ఆకలితో ఉండటం కూడా నేర్చుకున్నానని ఉంది.

మన సొంత చరిత్ర కూడా ఉంది. చెన్నైలో మనలో చాలామంది పెద్దలు ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని ఇప్పించాడు. మైలాపూరు పక్కన ఇప్పుడు నల్లగా పారుతున్న కాలువ అదే. అప్పుడు జనం బాప్తిస్మం కోసం వచ్చినా ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని కరువు పనులు అయ్యేదాకా ఆగాడు. పనులు ముగిశాయి, ఇక ఇవ్వడానికి కూలి లేదు. అయినా వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ తర్వాతా వాళ్లు పేదలుగానే బతికారు. వాళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువైందో ఈ సందేశం రాసినవాళ్లు చెప్పాలి.

“అయితే జీతం పెరగాలని, పిల్లలకు ఫీజు కట్టగలగాలని ప్రార్థించకూడదా?” అని నన్ను అడిగారు. నిక్షేపంగా ప్రార్థించండి. అనుదినాహారం అడగమని నేర్పింది ప్రభువే. పేదరికం పుణ్యమని నేను అనడం లేదు. డబ్బున్న విశ్వాసిని పౌలు తిమోతికి రాసిన పత్రికలో గద్దించలేదు, గర్వపడక మంచిపనుల్లో ధనవంతుడివై పంచిపెట్టమన్నాడు. పరలోకంలో ధనం కూర్చుకోవడం అంటే ఏమిటో లూకా 12:33లో ప్రభువే చెప్పాడు, ఉన్నది అమ్మి బీదలకు ఇవ్వమన్నాడు. కాబట్టి ఆ క్యూఆర్ కోడ్‌కు పంపాలనుకున్న వెయ్యి రూపాయలు చేతిలో ఉంటే, మీ సంఘంలోనే ఎవరి ఇంట్లో మందులు కొనలేదో, ఎవరి తాకట్టు చీటీ గడువు దగ్గరపడిందో ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కనుక్కోండి.