మా గేటు ముందు మేపుల్ అట!

పొద్దున్న పాల ప్యాకెట్ కోసం కిందకి దిగితే గేటు పక్కన కానుగ చెట్టు లేదు. అడుగెత్తు మోడు మిగిలింది, ఇంకా తడారలేదు. చుట్టూ రంపపు పొట్టు. వాచ్‌మన్ తాతని అడిగితే "నానేటి సెయ్యనమ్మా, సెకట్రీ గారు కొట్టీమన్నారు" అని తల వంచుకున్నాడు. మోడు పక్కనే రెండు పింగాణీ కుండీలు, వాటిలో జానెడేసి పుల్లలు, ఒక్కో పుల్లకీ ఐదారు ఆకులు. ఆన్‌లైన్‌లో తెప్పించారట. "జపనీస్ మేపుల్ అండీ, మన ఎంట్రన్స్ ఫారిన్‌లా ఉంటుంది" అని వాట్సాప్ గ్రూప్‌లో సెక్రటరీ గారి వాయిస్ మెసేజ్. దాని కింద అందరి చప్పట్లు.

విశాఖపట్నంలో మేపుల్! చలిదేశాల్లో ఆకులు రాల్చేముందు ఎర్రగా మారే చెట్టది. చలికాలమంటే ఫ్యాన్ రెండు మీద పెట్టుకుని పడుకునే ఊరండీ ఇది. ఆ చెట్టుకి నిజమైన చలి కావాలి. ఆకులన్నీ రాల్చేసి కొన్ని వారాలు నిద్రపోవాలి. ఆకు ఎర్రబడాలంటే చల్లటి రాత్రులుండాలి. ఎంవీపీ కాలనీ ఉప్పుగాలికి దాని ఆకు అంచులు అప్పడంలా వేగిపోతాయి. ఒక ఆకు కొస అప్పుడే మాడింది, వంగి మరీ చూశాను.

ఇంతకీ కానుగ చేసిన నేరమేంటంటే, సెక్రటరీ గారి తెల్ల కారు మీద పూలు రాల్చడం. పేలాల్లా చిన్న పూలు, చీపురుతో రెండు నిమిషాల పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని ఊడ్చేసినప్పుడు రెండు కొమ్మలు పోయినా నిలబడిన చెట్టది. ఆ తర్వాత కరెంటు లేక, మోటారు ఆడక, ఫ్లాట్లవాళ్ళందరం దాని కిందే కుర్చీలు వేసుకున్నాం. సెక్రటరీ గారూ కూర్చున్నారు. మా ఫ్లాస్కులో టీ కూడా తాగారు. ఆ ఫ్లాస్కు మూత నాకు ఈ రోజుకీ తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

సరే, మేపుల్ మీద అంత ప్రేమ కదా. ఆ చెట్లని నిజంగా ప్రేమించేవాళ్ళు ఏం చేస్తారో వినండి. చైనాలో యునాన్ కొండల్లో, యాంగ్‌బీ అనే చోట ఒక మేపుల్ ఉంది. 2003లో దానికి పేరు పెట్టేనాటికి అడవిలో కనిపించినవి ఐదంటే ఐదు చెట్లు. మా లిఫ్ట్‌లో ఒక్కసారికి అంతకన్నా ఎక్కువమంది ఎక్కుతారు. ఐదే కదా, ఏం పోతుందిలే అనుకోలేదు వాళ్ళు. కొండలన్నీ గాలించారు. ఐదు వందలకు పైగా దొరికాయి, అవీ ఒకదానికొకటి అందనంత దూరంలో, చిన్న చిన్న గుంపులుగా. 2019 కల్లా దాని జన్యుపటం చదివేశారు. పదమూడు జతల క్రోమోజోములు, 66 కోట్లకు పైగా డీఎన్ఏ అక్షరాలు. అది చేతిలో ఉంటే ఏ చెట్టుకి ఏది ఎంత దగ్గర చుట్టమో తేల్చుకోవచ్చు. గుంపు చిన్నదైపోయి చుట్టాల్లో చుట్టాలకే సంపర్కం జరుగుతుంటే విత్తనం నీరసపడుతుంది. మూడు తరాలు వరసగా మేనరికాలు చేసుకున్న ఇంటికి డాక్టరు ఏం చెప్తాడో మనకి తెలీదా? అదే.

ఇంకో మేపుల్ చైనాలోనే సిచువాన్‌ది, ఆకు ఐదు వేళ్ళుగా చీలి ఉంటుంది. 1929లో జోసెఫ్ రాక్ అనే ఆయన దాని విత్తనాలు సేకరించాడు. చాలాకాలం బయటి దేశాల తోటల్లో పెరిగినవి దాదాపుగా అన్నీ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక్క చెట్టు సంతానమే. చూడ్డానికి తోటల నిండా చెట్లు, లెక్కకి ఒక్క తల్లి పిల్లలు. అందుకని మళ్ళీ అది పుట్టిన సిచువాన్‌కి వెళ్ళి, వేర్వేరు చెట్ల కింద విత్తనాలు ఏరి, ఏ గింజ ఏ తల్లిదో రాసి పెట్టుకుని పెంచారు.

మనమేమో పెళ్ళికైతే గోత్రం అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం, పిల్ల మేనమామకి ఎన్ని ఎకరాలో కూడా అడుగుతాం. మొక్క దగ్గరికొచ్చేసరికి "ఎర్రగా ఉంటుందా?" అంతే. ఆన్‌లైన్‌లో నీలం మేపుల్ విత్తనాలు కూడా అమ్ముతున్నారు, కొనేవాళ్ళు కొంటున్నారు. నీలం మేపుల్ అనేదే లేదు స్వామీ! కుండీల్లో అమ్మే పేరున్న రకాలు అంటు కట్టినవి. అంటే ఒకే చెట్టు వెయ్యి కుండీల్లో. కొన్ని పోయినా ఆ రకానికేం కాదు, ఇంకో వెయ్యి కడతారు. మా కానుగ గింజ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాళ్ళెవరు?

ఊరు మాత్రం తక్కువ తిందా? హుద్‌హుద్ తర్వాత తొందరగా పెరుగుతుందని ఏడాకుల పాల వరసపెట్టి నాటారు. ఇప్పుడు పూత వచ్చిందంటే చాలు, ఆ ఘాటుకి తలనొప్పి, తుమ్ములు అంటూ జనం కొట్టేయమంటున్నారు. నాటేటప్పుడు ఒక్క బోటనీ మనిషిని అడిగి ఉంటే?

బోటనీ మనిషిని ఎవరడుగుతారులెండి. నాకు ఎమ్మెస్సీ బోటనీలో సీటొచ్చినప్పుడు మా పెద్ద బావగారు పెళ్ళి భోజనాల్లో, నిండు పంక్తిలో, "ఏం మరదలా, చదువయ్యాక కూరగాయల బండి పెడతావా?" అన్నారు. పద్దెనిమిదేళ్ళయింది. అందరూ నవ్వారు, మా నాన్నగారు కూడా. బొబ్బట్టు గొంతులోనే ఉండిపోయింది. అదే బావగారు ఇప్పుడు మేడ మీద మామిడికి తేనెమంచు పట్టిందని ఫోటోలు పంపిస్తారు, ఏం కొట్టాలో చెప్పమని. బావగారూ, ఈ పోస్టు మీ అమ్మాయి మీకు చూపిస్తుందని తెలుసు. చూడండి.

సెక్రటరీ గారిదీ అదే వరస. చెట్టు కొట్టేటప్పుడు నేను గుర్తు రాలేదు. మధ్యాహ్నం మాత్రం మెసేజ్ పెట్టారు, "మేడమ్, మీరు బోటనీ కదా, మేపుల్‌కి ఏ ఎరువు వెయ్యాలి?" అని. చూశాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబివ్వలేదు. కిందకెళ్ళి కొట్టేసిన కొమ్మల్లో వెతికి పదకొండు కానుగ కాయలు ఏరుకొచ్చాను. కవరు మీద "గేటు చెట్టు" అని రాసి ఫ్రిజ్ మీద పెట్టాను.

ఇందాక గ్రూప్‌లో లెక్క వచ్చింది. గార్డెన్ డెవలప్‌మెంట్ కింద ఫ్లాట్‌కి నాలుగొందల యాభై. నేను కట్టను. ముందు నా ఫ్లాస్కు మూత ఇవ్వమనండి.