ముంబై జట్టులో మారని రెండు బోర్డులు

గ్లోబల్ చెస్ లీగ్‌లో ముంబై పేరుతో ఆడే జట్టు అప్‌గ్రాడ్ ముంబా మాస్టర్స్. మూడు సీజన్లు ఆడింది, ఒక్కసారి ఫైనల్ దాకా వచ్చింది, కప్పు మాత్రం చేతికి రాలేదు. రికార్డు చూస్తే అంతే. కానీ తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న మహారాష్ట్ర ఊళ్లు సిరోంచ, అహేరి, బల్లార్షా వైపు తెలుగు ఇళ్లలో ఈ జట్టును చూసే కన్ను వేరు. ఇక్కడివాళ్లకు ముంబై పేరుకే రాజధాని. పెళ్లిళ్లకైనా, ఆసుపత్రికైనా కాళ్లు వరంగల్, హైదరాబాద్ వైపే కదులుతాయి. అయినా చదరంగం దగ్గరికి వచ్చేసరికి ముంబై మన జట్టే. ఎందుకంటే మొదటి సీజన్ నుంచీ కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక అందులోనే ఉన్నారు.

ఇది ఉత్త భాషాభిమానం అనుకునేవాళ్లు ఉంటారు. కొంత ఉంది కూడా, దాచేదేముంది. కానీ ఈ జట్టు మూడేళ్ల కథను ఆటపరంగా చూసినా కనిపించేది ఆ ఇద్దరూ ఆడే రెండు బోర్డులే.

లీగ్ పద్ధతి తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే, టెక్ మహీంద్రా కలిసి 2023లో దీన్ని మొదలుపెట్టాయి. ఆరు జట్లు. ఒక్కో జట్టులో ఆరుగురు: ఒక ఐకాన్ ఆటగాడు (జట్టులో పెద్ద పేరున్నవాడు), మరో ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు, ఒక కుర్ర ఆటగాడు. ఒక మ్యాచ్‌లో జట్టు మొత్తానికీ ఒకే రంగు పావులు. తెల్లపావులతో గెలిస్తే 3 పాయింట్లు, నల్లపావులతో గెలిస్తే 4, డ్రా అయితే 1. మహిళల బోర్డు మీద వచ్చిన గెలుపుకీ ఐకాన్ బోర్డు మీద వచ్చిన గెలుపుకీ విలువ ఒక్కటే. పై బోర్డుల్లో అందరూ ఇంచుమించు సమానులు కాబట్టి డ్రాలకు అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు మ్యాచ్ కింది బోర్డుల్లో తేలుతుంది. హంపి ర్యాపిడ్‌లో, అంటే తక్కువ సమయంలో ముగించే ఆటలో, 2019లోనూ, 2024లోనూ ప్రపంచ చాంపియన్. హారికకు మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడు కాంస్యాలు ఉన్నాయి. ఇద్దరినీ ఒకే జట్టులోకి తెచ్చుకున్నవాడు లెక్క తెలిసినవాడే.

2023లో దుబాయ్‌లో ఆ లెక్క దాదాపు ఫలించింది. ఐకాన్‌గా మాక్సిమ్ వాషియే-లగ్రావ్, తోడుగా గ్రిష్చుక్, నాసిక్ కుర్రాడు విదిత్ గుజరాతీ, హంపి, హారిక, కుర్ర బోర్డు మీద ఉజ్బెకిస్తాన్‌కు చెందిన జవోఖిర్ సిందరోవ్. ఫైనల్లో ప్రత్యర్థి త్రివేణి కాంటినెంటల్ కింగ్స్. ఆ రోజు స్కోరు సమం కావడం, మళ్లీ ఆడటం, మళ్లీ సమం కావడం. చూసేవాళ్లకు ఒకటే టెన్షన్. చివరికి ముందు గెలిచినవాళ్లదే కప్పు అనే సడెన్ డెత్‌లో భారం కుర్ర బోర్డు మీద పడింది. డెన్మార్క్‌కు చెందిన యోనాస్ బ్యేరె చేతిలో సిందరోవ్ ఓడాడు, కప్పు కింగ్స్‌కు పోయింది. ఆరుగురు కలిసి పన్నెండు రోజులు ఆడిన ఆటకు ఒక్క కుర్రాడి మీద తీర్పు పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ సిందరోవే 2025లో గోవాలో ప్రపంచ కప్ గెలిచాడు.

2024లో లీగ్ లండన్‌కు వెళ్లింది. గ్రిష్చుక్ స్థానంలో స్విడ్లర్, సిందరోవ్ స్థానంలో నాగపూర్‌కు చెందిన రౌనక్ సాధ్వానీ వచ్చారు. జట్టు ఫైనల్ చేరలేదు. 2025 డిసెంబరులో లీగ్ ఎట్టకేలకు ముంబైకి, గిర్గావ్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌కు వచ్చింది. అప్పటికి విదిత్ కింగ్స్ జట్టులో ఉన్నాడు. సొంత ఊళ్లో కూడా కప్పు రాలేదు, అది ఆల్పైన్ ఎస్‌జీ పైపర్స్ ఎత్తుకుపోయింది. మూడేళ్లలో మహారాష్ట్ర కుర్రాళ్లు ఇద్దరూ వచ్చారు, వెళ్లారు. హంపి, హారిక మాత్రం అక్కడే ఉన్నారు.

మొదటి రెండేళ్లూ ఊరి పేరు పెట్టుకుని ఊళ్లో ఒక్క ఎత్తు కూడా వేయని జట్టు ఇది. యజమాని కబడ్డీలో యు ముంబా నడిపేవారే, పేరూ అక్కడిదే. ఇందులో తప్పేమీ లేదు, ఫ్రాంచైజీ అంటేనే అది. జర్మనీ చెస్ లీగ్ బుండెస్‌లీగాలో సోలింగెన్ లాంటి జట్టు వేరే రకం. కత్తులకు పేరున్న ఆ ఊళ్లో చెస్ క్లబ్ 1868లో పుట్టింది, లీగ్ వందేళ్లు దాటాక వచ్చింది. 2006 నుంచి పదేళ్లు వరసగా గెలిచిన బాడెన్-బాడెన్‌ను వెనక్కి నెట్టి 2016లో టైటిల్ కొట్టింది ఆ సోలింగెనే. మన దగ్గర ముందు లీగ్ వస్తుంది, తర్వాత జట్టు వస్తుంది, ఊరు ఎప్పుడో గుర్తొస్తుంది.

మహారాష్ట్ర కూడా ఒక ప్రయత్నం చేసింది. 2013లో పుణెలో రాష్ట్ర చెస్ లీగ్ మొదలైంది. ముంబై మూవర్స్, జల్గావ్ బ్యాట్లర్స్, అహ్మద్‌నగర్ చెకర్స్ లాంటి పేర్లతో జట్లు ఆడాయి. జల్గావ్ పేరు అందులో ఉండటం సహజం, జైన్ ఇరిగేషన్ అండతో అక్కడ ఆట ముందే పాతుకుపోయింది. సిరోంచ, అహేరి ఉన్న గడ్చిరోలి జిల్లా పేరుతో జట్టు ఉంటుందని ఎవరూ అనుకోలేదు, రాలేదు కూడా.

అందుకే సరిహద్దులో అభిమానం కాస్త చిక్కుగా ఉంటుంది. 2025 జులైలో బతూమీలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ హంపికీ, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్‌కీ జరిగింది. ఎక్కువ సమయమిచ్చే క్లాసికల్ గేములు రెండూ డ్రా, ర్యాపిడ్‌లో దివ్య గెలిచింది, పంతొమ్మిదేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. చంద్రపూర్ తెలుగువాళ్లు ఆ రోజు ఎటు ఉండాలి? ఒకరు భాషకు దగ్గర, ఇంకొకరు ఊరికి దగ్గర. ఇద్దరిలో ఎవరు గెలిచినా మనవాళ్లే అని సర్దుకున్నారు. నాకైతే ఆ సర్దుబాటే నిజాయితీగా అనిపించింది.

అయితే అభిమానంతో ఆట పెరగదు. సిరోంచలో బాగా ఆడే పాప ఉంటే, ఆమెకు జిల్లా కేంద్రమే దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఆటగాళ్ల స్థాయిని అంకెల్లో లెక్కకట్టే రేటింగ్ టోర్నమెంట్ కావాలంటే నాగపూర్ పోవాలి. ఎంట్రీ ఫీజు, లాడ్జి, తోడు వెళ్లే నాన్నకు పోయే కూలి. అబ్బాయి అయితే ఎలాగోలా పంపుతారు, అమ్మాయి విషయంలో ముందు లెక్కేసేది ఈ ఖర్చునే. ముంబా మాస్టర్స్ ఎన్ని కప్పులు గెలిచినా ఈ ఖర్చు తగ్గదు.

తగ్గించగలిగే చోటు రాష్ట్ర స్థాయిలో ఉంది. లీగ్‌ను పెద్ద నగరాలకు కాకుండా జిల్లాలకు ఇవ్వాలి. పై లీగ్ నుంచి తెచ్చుకోవాల్సింది ఐకాన్‌ను కాదు, ఆరింటిలో రెండు బోర్డులు మహిళలవే అన్న నియమాన్ని. రాకపోకల ఖర్చు జిల్లా సంఘం పెట్టుకోవాలి, బోర్డు ఖాళీగా ఉంటే జట్టు పాయింట్లు పోవాలి. అప్పుడు గడ్చిరోలి సెలెక్టర్లు ఆ ఇద్దరమ్మాయిల కోసం సిరోంచ దాకా బస్సెక్కి రాక తప్పదు.