యేసు నవ్వలేదట!

వేసవి సెలవులు వచ్చాయంటే మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా తిరుగుతుంది. ఈసారి మూడు గ్రూపుల నుంచి వచ్చింది. సారాంశం ఇది: యేసు ఏడ్చాడని బైబిల్లో ఉంది, నవ్వాడని ఎక్కడా లేదు. తొలి క్రైస్తవులు వినోదాల గడప తొక్కలేదు. ఆటలు వ్యర్థమని పౌలు రాశాడు, స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడ్డెల్ ప్రభువు కోసం పరుగు మానేశాడు. సినిమా, క్రికెట్, షికార్లు అన్నీ లోకసంబంధమైనవి. విశ్వాసికి ప్రార్థనే విశ్రాంతి.

పంపినవాళ్ల భక్తిని నేను శంకించను. వాక్యాన్ని వాడిన తీరుతోనే నాకు పేచీ.

ముందు నవ్వు సంగతి. ఆయన నవ్వినట్టు సువార్తల్లో రాసిలేదు, నిజమే. తుమ్మినట్టు కూడా లేదు. కానీ లూకా 10:21లో "బహుగా ఆనందించి" అని ఉంది. మొదటి సూచకక్రియ, అంటే నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన అద్భుతం, జరిగింది కానాలో, పెళ్లింట్లో. ఆరు రాతిబానల నిండా ద్రాక్షారసం ఏ ఉపవాస కూటానికి కావాలి? గిట్టనివాళ్లు ఆయన్ని తిండిపోతు అన్నారు (లూకా 7:34). ముఖం మాడ్చుకుని మూల కూర్చునే మనిషికి ఆ పేరు రాదు.

తొలి క్రైస్తవుల మాటలో కొంత నిజముంది. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత ప్రదర్శనలకు వెళ్లొద్దని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అయితే ఆ ప్రదర్శనల్లో మనుషుల్ని మృగాల ముందుకు తోసేవారు, ఆటలు దేవతల పూజలతో ముడిపడి ఉండేవి. ఆ మాటలు తెచ్చి ట్యాంక్‌బండ్ షికారుకు అతికిస్తే ఎలా?

కాకపోతే గుంపులో మనసు అదుపు తప్పుతుందని కూడా టెర్టూలియన్ హెచ్చరించాడు. అది మాత్రం ఇప్పటికీ వర్తిస్తుంది. తొలినాటి క్రైస్తవ గురువు అగస్టీను తన స్నేహితుడు అలీపియస్ గురించి చెప్పిన సంగతే చూడండి. రోములో స్నేహితులు అతన్ని కత్తియుద్ధాలు చూడ్డానికి బలవంతాన లాక్కుపోయారు. కళ్లు మూసుకుని కూర్చున్నాడు. జనం ఒక్కసారి కేక వేసేసరికి కళ్లు తెరిచాడు, ఇక చూపు తిప్పుకోలేకపోయాడు. "నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను" (దేనికీ బానిసను కాను) అని పౌలు అన్నది ఇలాంటివాటి గురించే. ఐపీఎల్ బెట్టింగ్‌లో జీతం మొత్తం పోగొట్టుకునేవాళ్లకు ఈ వాక్యం పనికొస్తుంది. మెసేజ్‌లో బెట్టింగ్ ఊసే లేదు!

ఇక ఆటలు. శరీర సాధకం, అంటే వ్యాయామం, "కొంచెము మట్టుకే ప్రయోజనకరమవును" అని పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మాట. కొంచెం అంటే సున్నా అని ఎవరు చెప్పారు? వాలీబాల్ 1895లో పుట్టింది క్రైస్తవ యువకుల సంఘమైన వైఎంసీఏలోనే.

లిడ్డెల్ విషయానికొస్తే, చెప్పింది సగమే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్లు) ఆదివారం పడ్డాయని ఆయన వాటిలో దిగలేదు. అదే వారంలో 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. తర్వాత మిషనరీగా చైనా వెళ్లాడు, యుద్ధకాలంలో జపానువాళ్ల నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. అక్కడ పిల్లలకు ఆటలు ఆడించింది ఆయనే. మొదట ఆదివారం ఆటలకు ఒప్పుకోలేదు. పిల్లలు సొంతంగా హాకీ ఆడి కొట్లాటకు దిగాక, ఆదివారమే రిఫరీగా నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. ఈ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

"లోకసంబంధం" అన్న మాటకు యోహానే వివరణ ఇచ్చాడు: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం (బతుకు గొప్పలు). చెడ్డ సినిమాలో ఇవి ఉంటాయి. సంఘ వార్షికోత్సవం ఫ్లెక్సీల మీద కూడా ఉంటాయి, అది వేరే కథ.

చివరిది విశ్రాంతి. శిష్యులకు తినడానికి కూడా తీరిక లేకపోతే, పక్కకు వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు యేసు (మార్కు 6:31). విశ్రాంతి దినపు ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం 5లో చదివితే ఇంకా ఆశ్చర్యం. దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా ఆ రోజు సెలవే. వాళ్లెవరినీ ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టమని లేదు, పని చేయించొద్దని ఉంది.

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోంచేసి, ఈ మెసేజ్‌కు జవాబు టైపు చేస్తూ సరిగ్గా ఆ అధ్యాయం దగ్గరికొచ్చాను. వంటింట్లో మా ఆవిడ గిన్నెలు తోముతోంది. ఫోను పక్కన పెట్టి లేచాను. అందుకే ఈ జవాబు రెండు రోజులు ఆలస్యమైంది.