ప్రశ్నావళి గారికి ఒక శాంపిల్ రాయునది

మహారాజశ్రీ మానసిక ఆరోగ్య ప్రశ్నావళి గారి సముఖమునకు, హాస్టల్ రూములనుంచి నమస్కరించి రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్న. కానీ నా కుశలం నిన్న మధ్యాహ్నమే మీరు కట్టకట్టుకొని పోయిండ్రు కదా. 27 మార్కులకు నాకెన్నొచ్చినయో మీకే ఎరుక.

శనివారం పూట రెండింటికి సెమినార్ హాల్ల కూసోబెట్టిండ్రు. అటెండెన్స్ ఇస్తమన్నరు, సమోసా ఇస్తమన్నరు. అటెండెన్స్ రాలేదు. సమోసా వచ్చింది గానీ మా వరుస దాకా రాలేదు. ఒత్తిడి మీద పన్నెండు పేజీలు నింపి నేను బయటపడేసరికి కాజీపేటల నేనెక్కాల్సిన రైలు జమ్మికుంట దాటింది.

మీరు పెద్దింటివారు. మీలోని మొదటి తొమ్మిది ప్రశ్నలు డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే పేరుతో 2001 నుంచి ప్రపంచమంతా తిరుగుతున్నయి. ‘గత రెండు వారాలలో మీరు నిస్పృహకు, నిరాశాపూరిత భావనలకు లోనయ్యారా?’ అని అడిగి, సున్నా నుంచి మూడు దాక నాలుగు గడులు ముందల పెడుతరు. మా దిక్కు మనిషికి రంది ఉంటది. పానం నిమ్మలం ఉండదు. ఆ రెండు మాటలు తెల్వకుండనే ఓరుగల్లుకు ఎట్లొచ్చిండ్రు సార్?

నిద్ర పడుతున్నదా అంటరు. నల్లులనడుగుండ్రి. ఆకలి తగ్గిందా అంటరు. మెస్సు పప్పుచారునడుగుండ్రి. టీవీ చూసేటప్పుడు ధ్యాస కుదురుతున్నదా అంటరు. మా కామన్ రూములున్న టీవీ ఆన్ అయితే చెప్త.

‘పేరు రాయనవసరం లేదు, వివరాలు గోప్యం’ అని మొదటి పేజీల లావు అక్షరాలతో రాసుకున్నరు. దాని కిందనే విభాగం, సంవత్సరం, కులం, ఊరు, తండ్రి చేసే పని, హాస్టలా బయటనా. మా రూమ్మేట్‌ది భూపాలపల్లి దిక్కు. బాటనీ రెండో సంవత్సరంల ఆ దిక్కు పిల్లగాడు వాడొక్కడే. ఇంక పేరెందుకు, ఫొటో ఒక్కటే తక్కువ!

ఆ పక్కనే కూసున్న, అందుకే చూసిన. తొమ్మిదో ప్రశ్న కాడ వాని పెన్ను ఆగింది. బతకడంకంటే పోవడమే మేలనిపించిందా అని అడిగే ప్రశ్న అది. రెండో గడి కాదు, మూడోదాంట్ల టిక్కు పెట్టిండు. కొంచెంసేపు హాలు తలుపు దిక్కు చూసిండు. తర్వాత దాన్ని నల్లగ దిద్ది సున్నాల పెట్టిండు.

అయిపాయె. నీకు మంచి సున్నా దొరికింది. ఇకనుంచి మీరు గీరు అననులే. ఆ సున్నాను పట్టిక ఎక్కిస్తవు, సగటు తీస్తవు, పిల్లలు బాగనే ఉన్నరని పేపరు రాస్తవు. వాడెందుకు దిద్దిండో తెలుసా? ఇంటికి ఫోన్ చేస్తరని, రూము ఖాళీ చెయ్యమంటరని. ఈ ఏడు ఇది మూడో సర్వే. మొదటిదాని ఫలితమేందో ఇప్పటిదాక ఒక్కడొచ్చి చెప్పలేదు. మూడో గడిల టిక్కు పెట్టినోని తలుపు ఒక్కడు కొట్టలేదు. అడుగుడు నీ పని, వినుడు ఎవని పని?

వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోటల్లా అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైల సుప్రీంకోర్టు అన్నది. మా దగ్గర బోర్డున్నది. బోర్డు కింద తాళమున్నది. కిటికీలకెల్లి చూస్తే పాత ఆన్సర్ షీట్ల కట్టలు కౌన్సెలింగ్‌కు వచ్చినట్టు వరుసగ కూసున్నయి.

ఎందుకు దిద్దినవురా అని అడగనీకె నాకు రాత్రి పదకొండు దాకా ధైర్యం చాల్లేదు. అడిగినంక రెండింటి దాకా మాట్లాడిండు. మిర్చి రేటు, అక్క పెండ్లి అప్పు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కాలేజీల ఇరుక్కున్న డిగ్రీ సర్టిఫికెట్లు. నీ నాలుగు గడుల్ల పట్టే ముచ్చట ఒక్కటి లేదు. ఆ రాత్రే ఇద్దరం టెలీమానస్‌కు, అదే మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసినం. ఎత్తిండ్రు, తెలుగులనే మాట్లాడిండ్రు. 2022 అక్టోబర్ నుంచి ఉన్నదట ఆ నంబరు, 14416. నీ చివరి పేజీల గైడుగారికి, ప్రిన్సిపాల్‌గారికి, స్టాటిస్టిక్స్ సార్‌కు కృతజ్ఞతలు పట్టినయి, ఈ అయిదంకెలకు జాగ దొరకలేదా?

పొద్దుగాల నయీంనగర్ల చాయ తాగుతుంటే నిన్ను మోసుకొచ్చిన స్కాలర్ అన్న కలిసిండు. కోపంగనే పోయిన. ఎనిమిది నెలల ఫెలోషిప్ రాలేదు, గైడు సంతకం పెడుతలేడు, 384 శాంపిల్‌ల ఇంకా పదిహేడు తక్కువున్నయట. ఆ 384 ఏందన్నా అంటే, ఎంతమందిని అడగాల్నో చెప్పే 1970 నాటి పట్టికల అట్లనే ఉన్నది తమ్మీ, దాన్ని దాటితే పాపం తగలదు గానీ తగ్గితే థీసిస్ ఆగుతది అన్నడు.

‘నీ స్కోరెంతన్నా?’ అన్న.

నవ్విండు. సంచిలకెల్లి నిన్ను ఒకదాన్ని తీసి, చాయ గ్లాసు పక్కన పెట్టుకొని తొమ్మిదీ నింపిండు. ఏదీ దిద్దలేదు. కూడి చూసుకొని, మడిచి, చొక్కా జేబుల పెట్టుకున్నడు.

‘కట్టల కలుపు, పదహారే తక్కువైతయి కదా.’

‘కలపరాదు తమ్మీ, బయాస్ అయితది.’

చాయ పైసలు నేనే ఇచ్చిన. ఆ 14416 నంబరు అన్న ఫోన్ల నేనే ఎక్కించిన.

ఇట్లు,
212వ శాంపిల్